టికెట్ ట్రే రోజులు: కండక్టర్ల కొంప ముంచిన అపోహలు

మెషిన్లు రాకముందు, కండక్టర్లు ట్రేలోంచి చేత్తో టికెట్లు చించి ఇచ్చిన ఆర్టీసీ పాత రోజుల ముచ్చట్లు మొదలైతే చాలు, ‘టికెట్ చించి చేతిలో పెట్టడమేగా, అదో పనా?’ అని ఎవరో ఒకరు అంటారు. డిపోలో టికెట్, క్యాష్ సెక్షన్ పని తెలిసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. చించడం తేలికే. ఉద్యోగాలు పోయింది రాయడం దగ్గర.

అపోహ: ఎస్‌ఆర్ (స్టేజీల వారీగా టికెట్ నంబర్లు ఎక్కించే పత్రం) తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు

అస్సలు కుదరదు. ట్రేలో ఒక్కో ధరకి ఒక్కో బ్లాకు (టికెట్ల కట్ట), ప్రతి టికెట్‌కీ వరుస నంబరు ఉండేవి. స్టేజి (ఛార్జీ మారే స్టాపు) రాగానే ప్రతి బ్లాకులో పైనున్న టికెట్ నంబరు ఎస్‌ఆర్‌లో ఎక్కించాలి. దీన్నే క్లోజ్ చేయడం అంటారు. ఐదు రూపాయల బ్లాకులో ఒక స్టేజి దగ్గర పైన 42615 ఉండి, తర్వాతి స్టేజికి 42641 వచ్చిందనుకోండి. మధ్యలో అమ్మినవి 26 టికెట్లు, అంటే 130 రూపాయలు. రూపాయి, రెండు, పది, అన్ని బ్లాకులకూ ఇదే లెక్క.

ఛార్జీ 17 రూపాయలైతే పది, ఐదు, రెండు కలిపి మూడు టికెట్లు ఇవ్వాలి. టికెట్లు లెక్కపెడితే మనుషుల లెక్క రాదు కాబట్టి ప్రయాణికుల సంఖ్య విడిగా రాయాలి. సంత రోజున కాలు పెట్టే చోటు లేని బస్సులో ఈ పనంతా నిలబడే చేయాలి. ‘ఇష్యూ అండ్ స్టార్ట్’ ఉన్న సర్వీసులో బస్సు కదిలేలోపే టికెట్లివ్వడం పూర్తి కావాలి. డ్రైవరు తొందరపడి బండి తీస్తే మెమో కండక్టరుకే.

గడి ఖాళీగా ఉండగా టీటీఐ (టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు) ఎక్కితే, ఆ టికెట్లు ముందే ఇచ్చారో, తనిఖీ వాళ్లను చూసి అప్పటికప్పుడు చించారో తేల్చడానికి ఆధారం ఉండదు. డబ్బు పైసాతో సహా సరిపోయినా ఛార్జ్ మెమో (ఆరోపణల నోటీసు) వస్తుంది. నిజాయితీపరులే ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే.

బ్లాకులో నంబరు ఎగిరిపోయి ఉంటే ఆ సంగతి కౌంటరు దగ్గరే పట్టుకోవాలి. వే బిల్లు (డ్యూటీకి ఇచ్చిన టికెట్ల లెక్క పత్రం) మీద సంతకం పెట్టేముందు ప్రతి బ్లాకూ బొటనవేలితో గీరి చూడాలి. తేడా కనబడితే క్లర్కు చేత రాయించుకోవాలి. గేటు దాటాక ఆ లోటు కండక్టరుదే. వానాకాలం చెమ్మకి పల్చటి టికెట్లు అతుక్కుని రెండేసి చిరుగుతాయి. రెండోదాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, పారేయకూడదు. నంబరు రాసి డిపోలో అప్పజెప్పాలి.

అపోహ: ప్రయాణికులు సాక్ష్యం చెప్పకపోతే కేసు నిలవదు

ఈ పుకారు నమ్మి విచారణని తేలిగ్గా తీసుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సుప్రీంకోర్టు 1977లోనే, హర్యానా కండక్టర్ రతన్ సింగ్ కేసులో, శాఖాపరమైన విచారణలో ప్రయాణికులను సాక్షులుగా పిలవకపోయినంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని తేల్చింది. ‘పోయింది నాలుగు రూపాయలేగా’ అన్న వాదన కూడా నిలవదు. నమ్మకం పోవడమే అసలు విషయమనీ, మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదనీ కర్ణాటక ఆర్టీసీ కేసులో అదే కోర్టు చెప్పింది.

కాబట్టి మీకు అండ తనిఖీ జరిగిన చోటే రాసిచ్చే వివరణ, అంటే స్పాట్ ఎక్స్‌ప్లనేషనే. చాలామంది భయంతో ‘తప్పయింది, క్షమించండి’ అని రాసిచ్చేస్తారు. తర్వాత అదే ఒప్పుకోలు కింద లెక్క. బస్సు ఏ స్టేజిల మధ్య ఉంది, మొత్తం ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి టికెట్లివ్వడం మిగిలింది, ఎందుకు మిగిలింది, ఇవి మాత్రం రాయండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. చేతులు వణుకుతుంటే రెండు నిమిషాలు అడగండి, అది తప్పు కాదు.

అపోహ: క్యాష్ తక్కువైతేనే తప్పు

ఎక్కువైనా తప్పే. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదన్న అనుమానం వస్తుంది. అందుకే సొంత డబ్బు, టీకి ఉంచుకున్న పది రూపాయలైనా సరే, డ్యూటీ ఎక్కేముందే వే బిల్లులో రాయాలి.

ఇంకొన్ని

పంచ్‌తో వేసే చిల్లు అలంకారం కాదు. అది స్టేజి గుర్తు, వాడిన టికెట్ మళ్లీ చేతులు మారకుండా అడ్డు. నైట్‌హాల్ట్ అంటే విశ్రాంతి అనుకుంటారు. ఊరి చివర ఆగిన బస్సులో ట్రే, క్యాష్ బ్యాగు తలకింద పెట్టుకుని పడుకుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? మన ఆర్టీసీ 1958లో పుట్టిందన్నది సగమే నిజం. కార్పొరేషన్ అయింది ఆ ఏడాది జనవరి 11న, కానీ నిజాం ప్రభుత్వ రవాణా విభాగం 1932లోనే 27 బస్సులతో మొదలైంది.

‘టిమ్ (టికెట్లిచ్చే మెషిన్) వచ్చాక ఆ బాధలు లేవు’ అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కూడికలు మెషిన్ చేస్తుంది, స్టేజి మార్చాల్సింది మాత్రం కండక్టరే. ఒక్క స్టేజి మార్చడం మరిస్తే ఎక్కినవాళ్లకి వెనకటి స్టేజి నుంచి ఛార్జీ పడి గొడవ మొదలవుతుంది. బ్యాటరీ దారిలో చచ్చిపోయి చేత్తో టికెట్లు ఇవ్వాల్సి వస్తే మళ్లీ ఆ నంబర్లే, ఆ ఎస్‌ఆర్ గడులే. కొత్తగా చేరినవాళ్లు క్లోజింగ్ రాయడం ఒక్క పూటైనా పాత కండక్టరు పక్కన నిలబడి నేర్చుకోవాలి.