ఈ సంక్రాంతికి గోడ మీది ఫోటోలు చోటు మార్చండి

పిల్లలూ,

భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు గోడల మీది ఫోటోలు ఎలాగూ దింపుతారు కదా, ఈసారి వాటిని తుడిచేసి మళ్లీ ఆ మేకులకే తగిలించకండి. కొత్తవి ఏమీ కొనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఒకేచోట వేలాడే ఫోటోని ఇంట్లోవాళ్లు చూడటం మానేస్తారు, అదే ఫోటో భోజనాల బల్ల పక్కకి వస్తే "ఈ చివర నిలబడ్డావిడ ఎవరు?" అని మీరే అడుగుతారు.

ముందు ఒక రోజంతా ఎండ ఏ గోడ మీద ఎంతసేపు పడుతోందో గమనించండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది, మే నెలలో మిట్టమధ్యాహ్నం నడినెత్తికి చేరతాడు కాబట్టి అదే కిటికీలో ఎండ పొడ ఉండదు. అందుకే కాలాన్ని బట్టి జరపమంటున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ సహజమైన రంగులతో వేసింది, రోజూ ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపంతా లక్కదే, దానికి వేడి పడదు. కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మలకు తడిగుడ్డ తగలనివ్వకండి, పొడి బ్రష్షు చాలు.

ఇక పాత ఫోటోలు. నాకు అన్నిటికన్నా బెంగ వీటి గురించే. నలుపు తెలుపు ఫోటో మీద సన్నటి జెలటిన్ పొర ఉంటుంది, వానాకాలం తేమకి అది మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. అలా అతుక్కుంటే మాత్రం లాగకండి, ముఖం అద్దానికే ఉండిపోయి కాగితం ఒక్కటే చేతికొస్తుంది. అద్దం పైనుంచే ఫోన్‌తో ఫోటో తీసి దాచి, దాన్ని అలాగే ఉంచేయండి. బాగున్నవాటికి ఫ్రేములు కట్టే షాపులో చెప్పి, అద్దం ఫోటోని తాకకుండా చుట్టూ మందపాటి అట్ట పెట్టించండి. బయటి గోడకి తగిలించేవాటికి వెనక కింది మూలల్లో చిన్న బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు.

ఫ్రేము విప్పిన రోజే ఫోటో వెనక పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, అందరి పేర్లూ వరసలూ ఊరూ రాయండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి దిగుతుంది. తెలియని ముఖం ఉంటే నాకు వీడియో కాల్ చేయండి, ఎంత రాత్రయినా పర్లేదు. ఆ ముఖాలను గుర్తుపట్టేవాళ్లం ఇప్పుడు కొద్దిమందిమే ఉన్నాం రా, మా తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

మా చిన్నప్పుడు ఫోటోలన్నీ ద్వారబంధాల పైన ముందుకి వంచి కట్టేవాళ్లు, వెనకాల పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. మీరు అంత ఎత్తున పెట్టొద్దు. ఫోటో నడిభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల దగ్గర ఉంటే పెద్దవాళ్ల చూపుకి సరిపోతుంది. బుజ్జిది చూసేలా దాని ఎత్తులో ఇంకో వరస పెట్టండి, అందులో దాని బొమ్మలతో పాటు ముత్తాత ఫోటో కూడా ఉండాలి. ఆ వరసకి అద్దం వద్దు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్ పలక వేయించండి.

మేకులు మీ నాన్నే కొట్టాలి. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా కొట్టొద్దని చెప్పండి, గోడలో వైర్లు సాధారణంగా అటే వెళ్తాయి.

మీ అమ్మమ్మ