గేటు దగ్గర గార్డుది ఏ రంగం?

ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏళ్ల తరబడి ఒకే మనిషి కాపలా కాస్తున్నాడనుకుందాం. మొన్నటిదాకా జీతం ఫ్యాక్టరీయే ఇచ్చేది కాబట్టి లెక్కల్లో అతను తయారీ రంగం ఉద్యోగి. ఇప్పుడు కాపలా పనిని ఏజెన్సీకి కాంట్రాక్టుకిచ్చారు. అదే కుర్చీ, అదే గేటు, అదే రిజిస్టరు. లెక్కల్లో మాత్రం అతను సేవారంగంలోకి మారిపోయాడు.

తయారీలో ఉద్యోగాలు తగ్గి సేవల్లో పెరుగుతున్నాయనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ గార్డే గుర్తొస్తాడు. యంత్రాలు వచ్చి నిజంగానే పోయిన ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ రెండు రంగాలనూ విడివిడిగా లెక్కపెడితే వాటి మధ్య ఉన్న ముడి కనిపించదు.

ఆ ముడిని కొలిచే దారి చూపినవారు రష్యాలో పెరిగి అమెరికాలో స్థిరపడ్డ ఆర్థికవేత్త వసిలీ లియోన్టీఫ్. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటోందో ఒకే పట్టికలో పేర్చే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతిని ఆయన 1936లో ప్రచురించారు. 1949లో అలాంటి పట్టిక నుంచి వచ్చే 42 సమీకరణాలను తొలితరం కంప్యూటర్ మార్క్ 2తో సాధించారు. 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక చిన్న ఊహా లెక్క చూద్దాం. 100 విలువైన సరుకు తయారు కావాలంటే 40 విలువైన ముడిసరుకు, విడిభాగాలు వేరే ఫ్యాక్టరీల నుంచి రావాలి. రవాణా, బ్యాంకింగ్, మరమ్మతుల్లాంటి సేవలు 20కి కొనాలి. 100 విలువైన సేవలకేమో 20 సరుకు, 10 సేవలు కావాలి. ప్రతి 100 ఉత్పత్తికి తయారీలో 5 ఉద్యోగాలు, సేవల్లో 10 అనుకుందాం.

పైపైన చూస్తే సేవలే రెట్టింపు ఉపాధి ఇస్తున్నట్టుంది. కానీ ఆ విడిభాగాలు చేసేవాళ్లకూ ముడిసరుకు కావాలి, వాళ్లకూ లారీలు కావాలి, ఆ లారీలకు టైర్లు కావాలి. ఈ గొలుసును చివరిదాకా లెక్కిస్తే, వినియోగదారుల చేతికి 100 సరుకు చేరడానికి మొత్తం 180 సరుకు, 40 సేవలు ఉత్పత్తవుతాయి. అంటే తయారీలో 9, సేవల్లో 4, కలిపి 13 ఉద్యోగాలు. 100 సేవలకు ఇదే లెక్క వేస్తే 14 వస్తాయి. 5కీ 10కీ ఉన్న తేడా 13కీ 14కీ మధ్యకు వచ్చేసింది! ఈ పద్ధతిలో నన్ను కట్టిపడేసేది ఇదే.

విడిభాగాలు దిగుమతి చేసుకుంటే వాటి వెనకున్న ఉద్యోగాలు వేరే దేశానికి చెందుతాయి. అందుకే దేశాలన్నిటినీ కలిపి పట్టికలు తయారుచేస్తున్నారు.

ఒక్క జాగ్రత్త. ఉత్పత్తి రెట్టింపైతే ఉద్యోగాలూ రెట్టింపవుతాయని ఈ పద్ధతి అనుకుంటుంది. నిజానికి ఇంకో షిఫ్టు పెట్టినంత మాత్రాన రెండో అకౌంటెంటు అవసరం పడకపోవచ్చు. కాబట్టి ఆ 13, ఇప్పటికే ఉన్న ఉద్యోగాలు ఎవరి కొనుగోళ్ల మీద నిలబడ్డాయో చెప్పే అంకె. రేపు వచ్చే ఆర్డరుతో కొత్తగా ఎంతమందికి పని దొరుకుతుందో తెలియాలంటే పట్టిక చాలదు, ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూడాల్సిందే.