4294967297: ఫెర్మా పొరబడిన సంఖ్య

2కు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి, ప్రతిదానికీ 1 కలపండి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతిది 2కు 32వ ఘాతం వేసి 1 కలిపితే వచ్చే 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ వరసలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య ఉందా అన్న ప్రశ్న నేటికీ తెగలేదు. ఆ చిక్కు మొదలైంది ఈ సంఖ్య దగ్గరే.

1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ నమ్మకం కాదు. అదే ఏడాది ఆయన 2కు 37వ ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యను 223 భాగిస్తుందని కనిపెట్టాడు. ప్రతి ప్రధానాన్నీ వేసి చూడలేదు. కారణాంకం ఫలానా రూపంలోనే ఉండాలని ముందే తేల్చుకుని, ఆ కొద్దిపాటి సంఖ్యలనే పరీక్షించాడు. 4294967297 గుట్టు విప్పే తాళంచెవి అప్పటికే ఆయన చేతిలో ఉందన్నమాట!

1729లో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ ఫెర్మా నమ్మిన ఈ మాటను మరో గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ 641ని పట్టుకున్నాడు:

4294967297 = 641 × 6700417

ఈ సంఖ్య వర్గమూలం 65536 కన్నా కాస్త ఎక్కువ. గుడ్డిగా వెతికితే 6542 ప్రధానాలను పరీక్షించాల్సి రావచ్చు. కానీ ఫెర్మా లాగే కారణాంకం రూపాన్ని ముందే తేల్చుకుంటే, దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 శేషం రావాలి. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది.

అసలు భాగహారమే చేయకుండా కూడా దీన్ని చూడొచ్చు. ఈ దారి నాకు ఎంతో ఇష్టం. 641 అంటే 5 × 128 + 1. 128 అంటే 2కు 7వ ఘాతం. కాబట్టి 641తో భాగించినప్పుడు వచ్చే శేషాన్నే చూస్తే 5 × 128, −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 625 × (2కు 28వ ఘాతం) 1తో సమానమవుతుంది. మరోపక్క 641 అంటే 625 + 16 కూడా. అందుచేత 625 బదులు −16 పెట్టుకోవచ్చు. 16 అంటే 2కు 4వ ఘాతం. అది 28వ ఘాతంతో కలిసి 32వ ఘాతమవుతుంది. అంటే −(2కు 32వ ఘాతం) 1తో సమానం. ఆ ఘాతానికి 1 కలిపితే శేషం సున్నా.

1796లో ఈ వరసకు అనుకోని విలువ వచ్చింది. వృత్తలేఖిని, గీతలు లేని రూళ్లకర్రతో 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని పద్దెనిమిదేళ్ల జర్మన్ గణితజ్ఞుడు గౌస్ చూపించాడు. అలా గీయగల బహుభుజుల లెక్కంతా ఫెర్మా ప్రధానాల మీదే, అంటే ఈ వరసలోని ప్రధాన సంఖ్యల మీదే ఆధారపడి ఉంది. మరొక్కటి దొరికితే జ్యామితిలో కొత్త బహుభుజులు చేరతాయి.

ఇంతవరకూ దొరకలేదు. 2కు 64వ ఘాతంతో వచ్చే తర్వాతి సంఖ్యను 274177 భాగిస్తుంది. వరసలో 4294967297 నుంచి మొదలుపెట్టి 28 సంఖ్యలు ప్రధానాలు కావని తేలింది. వాటిలో కొన్నింటికి ఒక్క కారణాంకమైనా తెలియదు, ప్రధానం కాదని మాత్రం రుజువైంది. ఆ తర్వాతి సంఖ్యలో దాదాపు 258 కోట్ల అంకెలుంటాయి. అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.