ఫ్రాంటియర్ రొమాన్స్ రాసేవాళ్ళకి: పెళ్ళయితే హీరోయిన్ భూమి పోదు (అపోహలు - వాస్తవాలు)

పోయిన వారం రాత్రి పదకొండింటికి ఒక సిస్టర్ ఫోన్ చేసి ఏడ్చేసింది. ఎనిమిది నెలలు కూర్చుని రాసుకున్న ఫ్రాంటియర్ రొమాన్స్ (అమెరికా పడమటి సరిహద్దు నేలల్లో కొత్తగా స్థిరపడేవాళ్ళ ప్రేమకథ) మాన్యుస్క్రిప్ట్, 1880ల అమెరికాలోని డకోటా టెరిటరీ, హీరోయిన్ ఒంటరిగా క్లెయిమ్ వేసి, అంటే ప్రభుత్వ భూమి తనకివ్వమని దరఖాస్తు పెట్టి, గోధుమ పండిస్తుంది. ఎవరో చదివి "పెళ్ళి చేసుకున్న రోజే ఆ క్లెయిమ్ పోద్దమ్మా, అయినా విశ్వాసి పిల్లకి అంత ఆశ ఎందుకు, చివర్లో అన్నీ వదులుకోవాలి" అన్నారంట, పాపం ఈవిడ ఆఖరి ఆరు చాప్టర్లు తీసేసి మళ్ళీ రాసింది. తొమ్మిదేళ్ళుగా ఈ తరహా నవలలే ఎడిట్ చేస్తున్నా, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. చట్టం ఒక్కసారి కూడా చూడకుండా ఇంకొకరి రాత మీద తీర్పు చెప్పేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అపోహ: పెళ్ళయితే ఆడమనిషి క్లెయిమ్ రద్దు.

వాస్తవం: కాదు. ప్రభుత్వ భూమిలో కాపురముండి సాగు చేసేవాళ్ళకే ఆ భూమి ఇచ్చే 1862 అమెరికా హోమ్‌స్టెడ్ చట్టం కింద 21 ఏళ్ళు నిండిన పెళ్ళికాని అమ్మాయి, భర్త పోయినావిడ, ఇంటిపెద్దగా ఉన్న ఆడమనిషి ఎవరైనా 160 ఎకరాలకి ఫైల్ చెయ్యొచ్చు. భర్తతో కాపురం చేస్తున్న భార్య తన పేరున కొత్తగా వెయ్యలేదు, అందరూ తికమకపడేది ఇక్కడే. పెళ్ళికి ముందే వేసిన క్లెయిమ్ మాత్రం, ఆ నేల మీదే ఉంటూ సాగు చేస్తూ ఐదేళ్ళు గడిపి ప్రూవ్ అప్ (షరతులన్నీ నెరవేర్చానని ల్యాండ్ ఆఫీసులో రుజువు చెయ్యడం) చేసుకుంటే పట్టా ఆమెకే వస్తుంది. అసలు చిక్కు హీరోకి కూడా పక్కనే క్లెయిమ్ ఉంటే వస్తుంది, మొగుడూ పెళ్ళాం వేరే వేరే ఇళ్ళలో కాపురం ఉన్నామని చూపించి రెండూ నిలబెట్టుకోవడం కష్టం. మరి ఎవరి ఇంట్లో ఉండాలి? ఎవరు ఎవరి కోసం ఆగాలి? ఎకరానికి 1.25 డాలర్ల చొప్పున 200 డాలర్లు కట్టేస్తే ఐదేళ్ళు ఆగకుండా పట్టా తెచ్చుకోవచ్చు, ఆ డబ్బు ఎక్కడిది? మీ ప్రేమకథకి కావాల్సిన గొడవంతా ఇందులోనే ఉందండీ, ఆమె ఆశని చంపక్కర్లేదు.

ఒకసారి అప్పటి ఒంటరి ఆడమనిషి ఒకావిడ ల్యాండ్ ఫైల్ స్కాన్లు తెప్పించుకుని చదివా. ఇల్లు ఎంత, ఎన్ని ఎకరాలు దున్నావు, ఇల్లు వదిలి ఎప్పుడైనా వెళ్ళావా, ఎందుకు, అని ల్యాండ్ ఆఫీసు ప్రశ్నలు వరసగా. చలికాలం బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాను, విత్తనాలకి డబ్బుల్లేక, అని ఆవిడ జవాబు. ఆ ఒక్క లైను దగ్గర చాలాసేపు ఆగిపోయా. ఎన్ని రాత్రులు ప్రార్థన చేసి ఉంటుంది, తిరిగొచ్చేసరికి క్లెయిమ్ ఎవరైనా కాజేస్తారేమో అని!

ఇక వాక్యం, అంటే బైబిల్ సంగతి. సామెతలు 31లో గుణవతి పొలం చూసి కొంటుంది, ద్రాక్షతోట వేస్తుంది. ఊదారంగు అమ్మిన లూదియ వ్యాపారం మానేసిందని ఎక్కడా లేదు. కొలరాడోలో క్లారా బ్రౌన్, బానిసగా పుట్టి, విడుదలయ్యాక 1859లో అక్కడికెళ్ళి, సెంట్రల్ సిటీలో బట్టలుతికి డబ్బు కూడబెట్టి, తన ఇల్లే ఆరాధనకి తెరిచి, ఎప్పుడో అమ్మకంలో విడిపోయిన కూతుర్ని 1882లో కలుసుకుంది. ఆమెది ఆశ కాదా? అంత దూరం ఎందుకు, మా గుంటూరుకి 1883లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. మా అమ్మమ్మ కుగ్లరమ్మ పేరెత్తినప్పుడల్లా తలమీద కొంగు సర్దుకునేది.

మిగతావి గబగబా చెప్పేస్తా. అక్కడ ఆడవాళ్ళకి ఓటే లేదు అంటారు, వయోమింగ్ టెరిటరీలో 1869 డిసెంబర్‌లోనే వచ్చింది, తర్వాతి సంవత్సరమే ఎస్తర్ మోరిస్ అనే ఆవిడ అక్కడ జస్టిస్ ఆఫ్ ద పీస్ (చిన్న కేసులు విచారించే స్థానిక న్యాయాధికారి) అయ్యింది. వ్యాగన్లు గుర్రాలే లాగాయి అంటారు, చాలామంది ఎద్దులే కట్టారు, పక్కనే నడిచారు. ఊళ్ళో అందరి నడుముకీ తుపాకీ అని రాయకండి, కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలో అప్పట్లో ఊళ్ళోకి తుపాకీ తేవడం నిషేధం. ఆ నేల ఖాళీగా ఉంది అని మాత్రం అస్సలు రాయొద్దు, డకోటా లకోటా జనాల నుంచి తీసుకున్న నేల అది, మీ హీరోయిన్ మంచి విశ్వాసి అయితే ఏదో ఒక పేజీలో ఆ సంగతి ఆమె మనసుకి తగలాలి.

సిస్టర్, ఇది చదువుతుంటే ఆ పాత ఆరు చాప్టర్లు డిలీట్ చెయ్యకండి. పెళ్ళి సీను అలాగే ఉంచి, ప్రూవ్ అప్ రోజు సాక్షులిద్దరిలో ఒకరిగా పాస్టరుగార్ని ల్యాండ్ ఆఫీసుకి తీసుకురండి, హీరో బయట బండి దగ్గర ఎదురుచూస్తూ ఉండనివ్వండి. రాశాక నాకు పంపండి, ఎంత రాత్రైనా చదువుతా.