వరసలో ఎవరు ముందు?

చిరంజీవులైన పిల్లలకు,

జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న మీలో ఒకమ్మాయి పోయిన వారం నన్ను అడిగింది: "తాతయ్యా, అంకెల లిస్టు ఇస్తే జావా చిటికెలో సార్ట్ చేసి వరసలో పెట్టింది. పేర్లిచ్చినా చేసింది. నేను రాసిన స్టూడెంట్ ఆబ్జెక్టులు, అంటే ఒక్కో స్టూడెంటు పేరూ మార్కులూ ఉన్న మూటలు, ఇస్తే మాత్రం కంపైల్ కూడా కాలేదు, నడవక ముందే ఆగిపోయింది. ఎందుకు?"

ఎవరు ముందో దానికి తెలియదమ్మా. తెలియనప్పుడు ఏదో ఒకటి చేసెయ్యకుండా ఆగి అడగడం మంచి గుణం. మనుషుల్లోనూ అంతే.

నా చిన్నప్పుడు మా డ్రిల్లు మాస్టారు విజిల్ ఊది లైన్లో నిలబడమనేవారు. మొదటి రోజు ఒకటే తోపులాట. అప్పుడాయన, "లైనంతా మీకెందుకు? పక్కవాడితో భుజం కలిపి చూసుకోండి. పొట్టివాడు ముందుకి, పొడుగువాడు వెనక్కి" అన్నారు. కాసేపట్లో లైను తయారైంది. మాలో ఏ ఒక్కరూ లైను మొత్తం చూడలేదు, ఇద్దరిద్దరం చూసుకున్నాం, అంతే. ఇన్నేళ్లయినా నాకది ఆశ్చర్యంగానే ఉంటుంది.

జావా మిమ్మల్ని అడిగేదీ ఆ ఒక్క ప్రశ్నే. ఇద్దర్ని పక్కపక్కన నిలబెడితే ఎవరు ముందు? జవాబు ఒక అంకెగా చెప్పాలి. మొదటివాడు ముందుండాలంటే సున్నాకన్నా తక్కువ, వెనకుండాలంటే ఎక్కువ, ఇద్దరూ సమానమైతే సున్నా. ఈ జవాబు క్లాసులోనే, అంటే ఆబ్జెక్టులకి అచ్చులాంటి కోడ్‌లోనే, రాస్తే కంపేరబుల్. పిల్లవాడికి తన చోటు తనకే తెలిసినట్టు. అందులో రాసే మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) పేరు కంపేర్‌టు. అంకెలకీ స్ట్రింగులకీ జావాలో అది ముందే రాసి ఉంది కాబట్టే అవి పేచీ పెట్టలేదు.

రెండోది కంపారేటర్. ఇది బయట నిలబడి చూసే మాస్టారు. డ్రిల్లు పీరియడ్‌లో మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టేవారు, పరీక్షల రోజున రోల్ నంబరు ప్రకారం. మేం మాత్రం ఆ పిల్లలమే. అలాగే క్లాసుని ముట్టుకోకుండా ఎన్ని కంపారేటర్లయినా రాసుకోవచ్చు. నన్నడిగితే, కంపేరబుల్‌లో రోల్ నంబరులాంటి ఒక్క సహజమైన వరసే పెట్టండి. మార్కులూ ఎత్తూ కంపారేటర్లకి వదిలెయ్యండి.

2014లో జావా 8 వచ్చాక ఇదంతా ఒక్క లైన్లో రాసే వీలొచ్చింది. కంపేరింగ్‌లో మార్కులు, సమానమైతే థెన్‌కంపేరింగ్‌లో పేరు, తిరగెయ్యాలంటే రివర్స్‌డ్. ఒక్కటి చూసుకోండి: రివర్స్‌డ్ చివర్న పెడితే మార్కులతోపాటు పేర్లూ తిరగబడతాయి. లైనంతా వెనక్కి తిరిగినట్టన్నమాట.

మరి ఒకే ఎత్తు ఉన్న ఇద్దరొస్తే? మాస్టారు వాళ్లని కదిలించేవారు కాదు, ముందు నిలబడ్డవాడు ముందే ఉండేవాడు. జావా లిస్టుని సార్ట్ చేసినప్పుడూ అంతే, సున్నా వచ్చినవాళ్లు ఉన్న వరసలోనే ఉంటారు. దీన్ని స్టేబుల్ సార్ట్ అంటారు. ముందొచ్చినవాడి హక్కు పోకుండా చూడటం నాకు చాలా నచ్చుతుంది.

ఒకసారి మాస్టారు లేనప్పుడు ముగ్గురు స్నేహితులు, ఎవడికి వాడు, ఇంకొకడి వెనకే నిలబడతానని పట్టుబట్టారు. గుండ్రంగా తిరగడమే అయింది, లైను రాలేదు. ఒకటోవాడు రెండోవాడికి ముందు, రెండోవాడు మూడోవాడికి ముందు అయితే, ఒకటోవాడు మూడోవాడికీ ముందు ఉండి తీరాలి. మీ కంపారేటర్ ఈ మాట తప్పితే జావా ఒక్కోసారి ఎక్సెప్షన్ ఇస్తుంది, అంటే తప్పు జరిగిందని చెప్పి ఆగిపోతుంది. ఒక్కోసారి ఏమీ అనకుండా తప్పు వరస చేతిలో పెడుతుంది. అది మరీ ప్రమాదం.

అలాంటి తప్పే నేనూ చేశాను. ఒక అంకెలోంచి ఇంకోటి తీసేసి, వచ్చిందే జవాబుగా ఇచ్చేవాణ్ణి. చిన్న అంకెలకి బాగానే నడిచింది. కానీ 200 కోట్లలోంచి మైనస్ 200 కోట్లు తీసేస్తే 400 కోట్లు రావాలి కదా. జావా మామూలుగా అంకెలు దాచే ఇంట్‌లో పట్టేది 2147483647 వరకే. అందుకని మైనస్ 294967296 వచ్చింది, పెద్దది వెళ్లి చిన్నదాని ముందు నిలబడింది. ఎర్రర్ మెసేజీ లేదు, ఏమీ లేదు. తీసివేత వద్దు పిల్లలూ, ఇంటీజర్.కంపేర్ వాడండి.

ఇంకొక్కటి ఉంది కానీ నేను చెప్పను, మీరే చూడండి. మార్కుల్ని మాత్రమే పోల్చే కంపారేటర్ ఒకటి రాసి, వేసినవాటిని వరసలో ఉంచే ట్రీసెట్‌కి ఇవ్వండి. ముగ్గురు స్టూడెంట్లని అందులో వెయ్యండి, ఇద్దరికి ఒకే మార్కులుండాలి. యాడ్ చేసిన ప్రతిసారీ అది తిరిగి ఇచ్చేదాన్ని ప్రింట్ చేసి, చివర్లో సెట్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క, ఎందుకలా వచ్చిందని మీకనిపించిందో అదీ నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య