వస పోసిన పిల్ల

గలగలా మాట్లాడే పిల్ల కనబడితే “దీనికి వస బాగా పోసినట్టున్నారు” అంటాం. మొన్న అన్నయ్య మనవరాలి బారసాలకి అమ్మ వసకొమ్ము తెమ్మంటే వైజాగ్ పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. వేలంత లావు, గోధుమరంగు, ఒళ్లంతా గణుపులు. విరిస్తే లోపల తెల్లగా, బెండులా ఉంది. అల్లంలో కర్పూరం నూరినట్టు ఘాటు వాసన. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా పోలేదు.

నిజానికి ఇది వేరు కాదు, బురదలో అడ్డంగా పాకే కాండం. చెరువు ఒడ్లు, చిత్తడి నేలలు దీని చోటు. కర్ణాటకలో తుమకూరు వైపు మడుల్లో నీళ్లు నిలిపి పండిస్తారు. ఒకప్పుడు వసని చేమ కుటుంబంలో చేర్చారు. జన్యువులు పోల్చి చూశాక అసలు సంగతి తేలింది: వరి, అరటి, కొబ్బరి అన్నీ పుట్టిన ఏకదళబీజాల (గింజలో ఒకే బద్ద ఉండే మొక్కల) వంశంలో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ ఇదే. అంత పాత మొక్క మన పచారీ కొట్టు డబ్బాలో ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సంస్కృతంలో దీని పేరు వచ. ‘వచ్’ అంటే పలకడం. ఆయుర్వేదం దీన్ని మాటకి, జ్ఞాపకశక్తికి, కడుపుబ్బరానికి వాడింది. ఇళ్లల్లో కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి పసిపిల్లల నాలుకకి రాసేవారు. దక్షిణాదిన తాళపత్రాలకి పురుగు పట్టకుండా కూడా వాడారు. అందులో సందేహం లేదు, వస నూనెలోని బీటా అసరోన్ అనే రసాయనం పురుగులకి పడదు.

టెన్షన్ కూడా ఆ అసరోన్‌తోనే. వస నూనె కలిపిన మేత తిన్న ఎలుకల పేగుల్లో కణుతులు లేచాయి. అమెరికా 1968లో వసని ఆహారంలో నిషేధించింది. అక్కడి సొంత రకంలో, అంటే క్రోమోజోములు రెండు సెట్లున్న దానిలో, అసరోన్ ఉండదు. ఐరోపాలోని మూడు సెట్ల రకంలో కాస్త ఉంటుంది. ఆసియాలో దొరికే నాలుగు సెట్ల రకంలోనే బాగా ఎక్కువ. ఎండిన కొమ్ముని చూసి ఏ రకమో ఎవరు చెప్పగలరు? పైగా సానరాయి మీద రెండు తిప్పులా, పది తిప్పులా అన్నదే మన కొలత. మోతాదు మించితే ఆగకుండా వాంతులవుతాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దని డాక్టర్లు చెప్పే వయసది.

ఇదంతా అమ్మకి చెప్పాను. “మరి దానికి మాటలెలా వస్తాయిరా?” అంది.

“మనం దానితో మాట్లాడుతూ ఉంటే వస్తాయమ్మా.”

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొమ్ముని గుడ్డముక్కలో కట్టి, నాన్న పాత పుస్తకాల బీరువాలో పెట్టి తలుపు వేసింది.