తోమి తేకండి, ఉన్నది ఉన్నట్టు తెండి: పాత ఇత్తడి, కంచు మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో పాత సామాను బాగుచేసుకునే మేం కొందరం నెలకో ఆదివారం కూర్చుంటాం. ఎవరింట్లో వీలైతే వాళ్ళింట్లో. ఆగిపోయిన గోడ గడియారం విప్పుకుని వచ్చేవారొకరు, తాతగారి టేకు పెట్టెకి బందులు మార్చుకుంటున్నవారొకరు, పర్లాకిమిడి కొమ్ముబొమ్మ కాలు విరిగితే అతికించుకున్నవారొకరు. నేను చూసేది ఇత్తడి, కంచు, రాగి సామాను. నాన్నగారి కొట్లో నేర్చుకున్న పని.

ప్రతిసారీ ఎవరో ఒకరు సంచిలోంచి తళతళలాడే బిందో సెమ్మో తీసి, "పదిమందికీ చూపించాలి కదండీ, అందుకే రాత్రే తోమేశాను" అంటారు. ఆ మాట వినగానే నేను ఆ వస్తువును తిరగేసి అడుగు చూస్తాను, అక్కడైనా పాత రంగు మిగిలిందేమోనని.

అపోహ: మెరిస్తేనే బాగుచేసినట్టు.

వాస్తవం: పాత సామానుకి జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ ఒక్క నమ్మకం వల్లే. ఇత్తడి మీద ఏళ్ళ తరబడి పట్టే ముదురు గోధుమరంగు పొర మురికి కాదు. గట్టిగా, నున్నగా, గోరుతో గీకినా రాకుండా ఉంటే అది కింద లోహాన్ని కాపాడుతోందన్నమాట. దాన్ని వదలగొట్టడానికి మనవాళ్ళు పట్టే మొదటి సీసా బాత్రూములు కడిగే యాసిడ్. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఆమ్లం ముందుగా జింకు మీద పడుతుంది. చింతపండు పట్టించి రాత్రంతా వదిలేసినా అంతే. తెల్లారేసరికి అక్కడక్కడా గులాబీరంగు మచ్చలు తేలతాయి. "ఈ మరక పోవట్లేదండీ" అని వాటినే ఇంకా రుద్దుతారు. అది మరక కాదు, జింకు పోగా పైన మిగిలిన రాగి. ఎంత రుద్దినా పసుపు ఛాయ తిరిగిరాదు, ఆ పొరంతా అరగదీస్తే తప్ప.

అంతకన్నా పెద్ద ప్రమాదం క్లోరైడ్. యాసిడ్‌లోనూ, చింతపండుతో కలిపి రుద్దే ఉప్పులోనూ అదే ఉంటుంది. కడిగామనుకున్నా లోహం సందుల్లో కొంత నిలిచిపోతుంది. గాలిలో తేమ తగిలినప్పుడల్లా అక్కడ మళ్ళీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇంకొంచెం రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడ్ తయారవుతుంది. దీన్ని బ్రాంజ్ డిసీజ్, అంటే కంచు తెగులు అంటారు. గోపాల్పూర్ వైపు, ఛత్రపురం వైపు ఇళ్ళలో ఏమీ పూయకుండానే సముద్రపు గాలి ఆ పని మొదలుపెడుతుంది. మనం యాసిడ్ పోసి దానికి తోడవుతున్నాం.

ఛత్రపురం నుంచి ఒక రిటైరైన పెద్దాయన అలా మెరిపించిన దీపపు సెమ్మె తెచ్చారు. అందరూ మెచ్చుకున్నారు. వానాకాలం మధ్యలో ఫోన్ చేసి, "మెడ దగ్గర ఆకుపచ్చ పొడి రాలుతోందయ్యా, అమ్మ చేతి సెమ్మె, పాడుచేశానా?" అని అడిగారు. గొంతు వణుకుతోంది. పాడవలేదు మావయ్యగారూ, తీసుకురండి అన్నాను. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మార్చుకుంటూ వారాల తరబడి ఉంచాం. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, తేమను అడ్డుకునే మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించాం. చాలావరకు నిలిచింది. మెడ మీద చిన్న చిన్న గుంటలు మాత్రం ఉండిపోయాయి.

మీ వస్తువు మీద ఉన్న పచ్చదనం ఏ రకమో ఇంట్లోనే చూసుకోవచ్చు. ముదురుగా, గట్టిగా ఉంటే కంగారు పడకండి. లేతగా, పొడిపొడిగా, ముట్టుకుంటే రాలుతుంటే అనుమానించాలి. గాలి చొరబడని డబ్బాలో పెట్టి, పక్కన తడి దూది ఉంచండి, వస్తువుకి తగలకుండా. ఒకట్రెండు రోజుల్లో కొత్త పొడి పుట్టిందంటే తెగులు ఆగలేదని అర్థం.

ఇక బఫింగ్ చక్రం, అంటే లోహాన్ని రుద్ది మెరుగుపెట్టే యంత్రం. మా వైపు పాత బిందెల అంచు కింద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. నా చేతికొచ్చిన సారె సామాను మీద తెలుగు అక్షరాలు, ఒడియా అక్షరాలు రెండూ చూశాను, ఒక బిందె మీదైతే రెండూ పక్కపక్కనే. ఆ చుక్కల లోతు ఎంతని? చక్రం కింద రెండు నిమిషాలు చాలు, పోవడానికి. ఇచ్ఛాపురం నుంచి వచ్చినావిడ బిందె అప్పటికే బజార్లో బఫింగ్ చేయించింది. గది చీకటి చేసి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి తిప్పితే ఒక "మ్మ" కనిపించింది. దానికి ముందున్నవి లేవు. "మా అత్తగారి తల్లి పేరు ఉండాలండీ" అంటూ వేలితో తడుముతూనే ఉంది.

అందుకే చెప్తున్నాను, తేవాలనుకుంటే నల్లగానే తెండి. దుమ్ము మెత్తని కుంచెతో దులపండి. మరీ జిడ్డుగా ఉంటే గిన్నెల సబ్బు రెండు చుక్కలు నీళ్ళలో కలిపి తుడిచి, వెంటనే ఆరబెట్టండి. రోజూ పూజలో వాడే కుందులు వేరు, వాటిని నిమ్మచెక్కతో తోమి వెంటనే కడిగేస్తే పరవాలేదు. అసలు మేం చూడాలనుకునేది పూర్తయిన పని కాదు. ఎక్కడ చిక్కుకున్నారో అక్కడే తెస్తే పక్కవాళ్ళు ఏదైనా చెప్పగలరు.

మిగతావి త్వరగా చెప్తాను.

నూనె రాస్తే చిలుము పట్టదంటారు. తప్పు. నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసే ఆకుపచ్చ జిగురు తయారవుతుంది. దీపం కుందిలో వత్తి అడుగున మీరు చూసేది అదే.

చిలుము పట్టిన గిన్నె ఇక విషమే, పారేయాలంటారు. అలాగే వండకూడదు, నిజమే. శుభ్రం చేయించి కళాయి పెట్టిస్తే మళ్ళీ వాడుకోవచ్చు. కారుతున్న చోట మాత్రం రేడియో రిపేరు సోల్డర్ వేయించకండి, అందులో సీసం ఉంటుంది. కంచుకైతే ఏ సోల్డరూ పాత మోత తెప్పించదు. తగరం ఎక్కువున్న లోహం, కిందపడితే పగులుతుంది, జాగ్రత్తగా పట్టుకోవడమే మందు.

పాత రాగి చెంబు ఫోటో పంపితే చాలు, "బియ్యం లాగుతుందా?" అని ఫోన్లు. ఇరిడియం ఉన్న పాత రాగి వస్తువు బియ్యాన్ని లాగుతుందని, దానికి బోలెడు ధర వస్తుందని నమ్మించే ఈ రైస్ పుల్లర్ అనేది మోసం. రాగి బియ్యాన్ని లాగదు, ఇరిడియమూ లాగదు. పరీక్ష ఫీజు అంటూ డబ్బడిగినవాడి నంబరు పోలీసులకివ్వండి. ఇలాగే పాత నోట్లు, నాణేల పేరుతో కమిషన్ అడిగేవాళ్ళ గురించి రిజర్వ్ బ్యాంకు కూడా 2021 ఆగస్టులో హెచ్చరించింది.

పాత వస్తువు చూపిస్తే ప్రభుత్వం పట్టుకుపోతుందన్న భయం చాలామందిలో ఉంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాల్లాంటి కొన్ని తరగతులకు రిజిస్ట్రేషన్ ఉంది, వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. అమ్మమ్మ బిందె పట్టుకొచ్చి నలుగురికీ చూపించడానికి ఏ అడ్డూ లేదు. ఆ భయంతోనే కంచాలు, చెంబులు తూకానికి వేసేస్తున్నారు. వేయక తప్పదనుకుంటే ముందు రోజు పగటి వెలుతురులో అంచు, అడుగు, పేరున్న చోటు ఫోటోలు తీసి పంపండి. మాలో ఎవరో ఒకరం తూకం ధర ఇచ్చి తీసుకుంటాం.